ఎండలు ముదరకముందే ఇల్లు సిద్ధం చేసుకోవడం: నల్గొండ, పాలమూరు వాసులు తరచుగా అడిగే ప్రశ్నలు

ఉమ్మడి నల్గొండ, మహబూబ్‌నగర్ (పాలమూరు) జిల్లాల్లో ఏప్రిల్, మే నెలల్లో 43, 44 డిగ్రీల ఎండ మామూలైపోయింది. అంత వేడిలో చాలామందికి ముందుగా తోచేది ఏసీ. కానీ కప్పు కాలుతూ, తలుపుల సందుల్లోంచి వడగాలి వీస్తూ ఉన్న ఇంట్లో ఏసీ పెడితే నెలనెలా డబ్బు పోతుందే తప్ప గది సరిగ్గా చల్లబడదు. ఇంటిని ముందు సరిచేసుకోవాలి, యంత్రం సంగతి తర్వాత చూసుకోవచ్చు. ఈ జవాబులన్నీ ఆ ఉద్దేశంతో రాసినవే.

ఇన్సులేషన్, గాలి సందులు మూయడం చలి దేశాల పనులు కదా, మనకెందుకు?

వేడి ఎప్పుడూ ఎక్కువ ఉన్న చోటి నుంచి తక్కువ ఉన్న చోటికి పోతుంది. చలి దేశాల్లో లోపలి వెచ్చదనం బయటికి పోకుండా ఆపుతారు. మనం బయటి సెగ లోపలికి రాకుండా ఆపాలి. అడ్డుపెట్టే పొర రెండు చోట్లా ఒకే పని చేస్తుంది. వరుస మాత్రం మారుతుంది. అక్కడ ఇల్లంతా బిగించడంతో మొదలుపెడతారు. ఇక్కడ ఎండను కప్పు మీదే ఆపడంతో మొదలుపెట్టాలి. వాళ్ల వీడియోలు చూసి ఏసీ లేని ఇంట్లో కిటికీలు, వెంటిలేటర్లు అన్నీ శాశ్వతంగా మూసేస్తే రాత్రి చల్లగాలి కూడా పోతుంది. అలా చేసి ఇబ్బంది పడుతున్న ఇళ్లున్నాయి కాబట్టే ముందుగా ఈ మాట చెబుతున్నాను.

గోడల కన్నా కప్పు ముఖ్యమని ఎందుకంటారు?

నల్గొండ, మహబూబ్‌నగర్ పట్టణాలు సుమారు 17 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర ఉన్నాయి. మే రెండో వారం ప్రాంతంలో మధ్యాహ్నపు సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. ఎండలు ముదిరిన ఆ రోజుల్లో దెబ్బంతా కప్పు మీదే పడుతుంది. మిట్టమధ్యాహ్నం చదరపు మీటరు డాబా మీద వెయ్యి వాట్లకు దగ్గరగా ఎండ పడుతుంది. దక్షిణపు గోడకు ఆ నెలలో ఎండ దాదాపు తగలదు. ఉదయం తూర్పు గోడకు, సాయంత్రం పడమటి గోడకు ఏటవాలుగా తగులుతుంది. అందుకే ఖర్చు పెట్టే వరుసలో కప్పు మొదటిది, పడమర రెండోది.

మూడంతస్తుల ఇంట్లో కింది అంతస్తులో ఉండేవారికి ఈ వరుస వర్తించదు. వారికి పడమటి గోడ, కిటికీలే ముఖ్యం.

పొద్దుగూకాక కూడా స్లాబ్ నుంచి సెగలు ఎందుకు వస్తాయి?

కాంక్రీటు బరువైనది. పగలంతా వేడిని తాగి, నాలుగైదు గంటల ఆలస్యంతో కిందికి వదులుతుంది. మధ్యాహ్నం ఒంటిగంటకు పడిన ఎండ సాయంత్రం భోజనాల వేళకు పడకగదిలోకి దిగుతుంది. అప్పటికి బయట గాలి చల్లబడుతున్నా, లోపల కప్పు మాత్రం ఒంటి మీదికి వేడిని ప్రసరిస్తూనే ఉంటుంది. ఫ్యాను ఆ కప్పు కిందున్న వేడిగాలినే కిందికి తోస్తుంది.

లెక్క కూడా చెబుతాను. పన్నెండడుగుల పొడవు, పన్నెండడుగుల వెడల్పు ఉన్న గది మీద ఏ పూతా లేని ఆరంగుళాల స్లాబ్ ఉందనుకోండి. పైభాగం 60 డిగ్రీలు, లోపలి గాలి 30 డిగ్రీలు ఉంటే ఆ కప్పు గుండా వెయ్యి వాట్లకు పైగా వేడి లోపలికి దిగగలదు. మే నెలలో నెత్తిమీద గది హీటరు వెలిగించి, దాన్ని చల్లార్చడానికి ఏసీ నడుపుతున్నట్టే.

డబ్బు తక్కువగా ఉంది. ముందు ఏ పని చేయించాలి?

డాబా మీద తెల్లటి పూత. దానికయ్యే ఖర్చుకు వచ్చినంత ఫలితం మరే పనిలోనూ రాదు. తర్వాత పడమటి కిటికీకి బయటి నుంచి నీడ. ఏసీ ఉంటే ఆ ఒక్క గది సందులు మూయడం మూడోది, దానికి కొన్ని వందల రూపాయలతో సరిపోతుంది. కప్పు మీద మందమైన ఇన్సులేషన్ పొర నిజంగా మంచిదే, కానీ ఖర్చుతో కూడినది. వాటర్‌ఫ్రూఫింగ్ ఎలాగూ చేయించాల్సి వచ్చినప్పుడు దానితో కలిపి చేయించండి, కూలి ఒకసారే అవుతుంది.

సున్నం వేస్తే సరిపోతుందా? ఎలా వేయాలి?

చాలా ఇళ్లకు సరిపోతుంది. మసిబారిన కాంక్రీటు తన మీద పడిన ఎండలో మూడొంతులు తాగేస్తుంది. కొత్త తెల్లటి పూత ఎక్కువ భాగాన్ని తిప్పికొడుతుంది. మధ్యాహ్నం మామూలు స్లాబ్ మీద చెప్పుల్లేకుండా నిలబడలేం, సున్నం వేసిన దాని మీద నిలబడగలం. గది లోపల రెండు నుంచి నాలుగైదు డిగ్రీల వరకు తేడా కనిపిస్తుంది.

పని మాత్రం శ్రద్ధగా చేయాలి. ముందు డాబాను గట్టి చీపురుతో ఊడ్చి, నాచు గీకి, కడగాలి. పగుళ్లుంటే పూడ్చి ఆరనివ్వాలి. సున్నాన్ని ముందురోజు రాత్రే నానబెట్టి, మర్నాడు గుడ్డతో వడకట్టి, అందులో తెల్ల సిమెంటు, నీళ్లకు ఆగే జిగురు కలుపుతారు. కాలుతున్న స్లాబ్ మీద వేస్తే క్షణాల్లో ఆరిపోయి పొడిపొడిగా రాలుతుంది. కాబట్టి తెల్లవారుజామునో, ఎండ తగ్గాకో స్లాబ్‌ను తడిపి వేయాలి. పల్చటి పూతలు రెండు మూడు, ఒకటి ఆరాక మరొకటి. సున్నం కంట్లో పడితే చాలా ప్రమాదం. కళ్లద్దాలు, చేతి తొడుగులు లేకుండా కూలీలతో ఈ పని చేయించకండి. కాల్చిన సున్నం గడ్డలు తెస్తే నీళ్లు పోయగానే కుతకుత ఉడుకుతాయి, పిల్లలను దగ్గరికి రానివ్వకండి.

శివరాత్రి నాటికి పని పూర్తయితే మంచిది. వానాకాలంలో చాలా భాగం కొట్టుకుపోతుంది కనుక ఏటా మళ్లీ వేసుకోవాలి.

దుకాణంలో అమ్మే కూల్ రూఫ్ పెయింటుకూ సున్నానికీ తేడా ఏమిటి?

మన్నిక. మంచి పెయింటు కొన్నేళ్లు ఉంటుంది, కొన్ని రకాలు చిన్న పగుళ్లను కూడా కప్పుతాయి. కొనేటప్పుడు డబ్బా మీద రెండు విషయాలు చూడండి: ఎండను ఎంత తిప్పికొడుతుంది, తాగిన కొద్దిపాటి వేడిని ఎంత త్వరగా ఆకాశంలోకి వదిలేస్తుంది. ఈ రెండూ కలిపి లెక్కగట్టిన అంకెను ఎస్‌ఆర్‌ఐ అంటారు. అది ఎంత ఎక్కువైతే అంత మంచిది. ఆ అంకె చెప్పలేని డబ్బాకు ఎక్కువ ధర పెట్టకండి. గోడలకు వేసే మామూలు తెల్ల రంగు డాబా మీద ఒక వానాకాలానికే పెచ్చులూడుతుంది.

దుమ్ము పట్టిన తెలుపు తెలుపు కాదు. క్రషర్ల పక్కన, మఠంపల్లి, హుజూర్‌నగర్ వైపు సిమెంటు కర్మాగారాల చుట్టుపక్కల ఉన్నవారు ఎండాకాలం మొదట్లో ఒకసారి డాబా కడిగితే పూత పని మళ్లీ పుంజుకుంటుంది. విరిగిన తెల్ల పింగాణీ ముక్కల పరుపు వేయించుకున్న ఇళ్లకు ఈ కడగడం చాలా తేలిక. మొదటి ఖర్చు ఎక్కువైనా ఏళ్ల తరబడి నిలుస్తుంది.

దీనిపై ప్రభుత్వ నిబంధన ఏమైనా ఉందా?

ఉంది. తెలంగాణ ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో 2023-28 కూల్ రూఫ్ విధానాన్ని ప్రకటించింది. ప్రభుత్వ భవనాలకు, వాణిజ్య భవనాలకు, 600 చదరపు గజాలు, అంతకు మించిన స్థలంలో కట్టే నివాసాలకు కూల్ రూఫ్ తప్పనిసరి అన్నారు. అంతకన్నా చిన్న స్థలాల్లో కట్టే ఇళ్లకు ఐచ్ఛికం. మన ఊళ్లలో నూరు, రెండు నూర్ల గజాల ఇళ్లే ఎక్కువ కాబట్టి ఎవరూ వచ్చి అడగరు. అయినా ఎక్కువగా కాలేవి ఆ చిన్న ఇళ్లే.

తెల్లటి పూత వేశాక ఇన్సులేషన్ ఇంకా అవసరమా?

పై అంతస్తులో ఏసీ నడుస్తుంటే అవసరమే. పూత ఎండను తిప్పికొడుతుంది. ఇన్సులేషన్ దాటివచ్చిన వేడిని నెమ్మదింపజేస్తుంది. బయట గాలే 44 డిగ్రీలున్నప్పుడు పూత ఒక్కటే దాన్ని ఆపలేదు.

ఇన్సులేషన్ అంటే మందమైన పదార్థం అని కాదు, కదలని గాలిని తనలో బంధించిన పదార్థం. అంగుళం మందం థర్మాకోల్ ఆపినంత వేడిని కాంక్రీటుతో ఆపాలంటే మూడడుగులకు పైగా మందం కావాలి. స్లాబ్ మీద వేయడానికి పెట్టెల్లో వచ్చే తెల్ల థర్మాకోల్ పనికిరాదు, అడుగు పడితే నలుగుతుంది. గట్టి సాంద్రత ఉన్న ఎక్స్‌పీఎస్ (ఒత్తి తయారుచేసిన పాలీస్టైరీన్ ఫోమ్) పలకలు నీళ్లు పీల్చవు, బరువు మోస్తాయి. పఫ్ అనే పాలీయూరిథేన్ ఫోమ్ ఇంకా తక్కువ మందంలో అదే పని చేస్తుంది, ధర ఎక్కువ.

కేంద్ర ప్రభుత్వ ఇంధన సామర్థ్య సంస్థ 2018లో ఇళ్ల కోసం ‘ఎకో నివాస్ సంహిత’ను తెచ్చింది. దాని ప్రకారం చదరపు మీటరు కప్పు గుండా, లోపలికీ బయటికీ ఉన్న ప్రతి డిగ్రీ తేడాకు 1.2 వాట్లకు మించి వేడి దాటకూడదు. మన మామూలు స్లాబ్‌కు ఆ అంకె మూడు దాటుతుంది. అంగుళం మందం మంచి పలక వేస్తే పరిమితిలోకి వస్తుంది, రెండంగుళాలు వేస్తే ఇంకా బాగా తగ్గుతుంది.

పొరల వరుసను మేస్త్రీతో ముందే మాట్లాడుకోండి. స్లాబ్ మీద వాలు, దాని మీద వాటర్‌ఫ్రూఫింగ్, ఆపైన పలకలు, వాటిపై వేరుచేసే పల్చటి గుడ్డ, దాని మీద సన్నటి కాంక్రీటు లేదా టైల్స్, అన్నిటికీ పైన తెలుపు. నీళ్లు కారే కప్పును బాగుచేయకుండా పైన పలకలు పరిస్తే లీకు ఎక్కడుందో ఆ తర్వాత ఎవరూ కనిపెట్టలేరు.

పైన పని కుదరదు. లోపల ఫాల్స్ సీలింగ్ వేయించుకుంటే?

కొంత ఉపయోగమే. ఒట్టి జిప్సం సీలింగ్ కన్నా దాని మీద గ్లాస్‌వూల్ దుప్పటి పరిచినది మెరుగు. కానీ స్లాబ్ మాత్రం కాలుతూనే ఉంటుంది. బయటి నుంచి ఆపడమే ఎప్పుడూ మేలు. ఎత్తు తక్కువున్న గదుల్లో ఫాల్స్ సీలింగ్ వేస్తే ఫ్యాను తలకు దగ్గరవుతుంది, అదీ చూసుకోండి.

మాది రేకుల ఇల్లు. మాకు దారేమిటి?

అందరికన్నా ఎక్కువ బాధ పడేది మీరే, తక్కువ ఖర్చుతో ఎక్కువ ఉపశమనం దొరికేదీ మీకే. రేకు పలుచన కాబట్టి స్లాబ్‌లా ఆలస్యం చేయదు, ఎండ పడిన నిమిషాల్లోనే లోపల సెగ మొదలవుతుంది. పైన తెల్లటి రంగు పడగానే అంతే త్వరగా తేడా తెలుస్తుంది. ఇనుప రేకు మెరుస్తోంది కదా, వేడెక్కదనుకోవద్దు. మెరిసే లోహం తాగిన వేడిని త్వరగా వదలదు. దాని మీద కూడా తెలుపు వేయాలి.

రంగు వేశాక లోపలి నుంచి ఒక అడ్డు కావాలి. రేకుకూ అడ్డుకూ మధ్య అర అడుగు ఖాళీ వదిలి, ఆ ఖాళీకి రెండు చివర్లా గాలి పోయే దారి ఉంచండి. వెదురు తడిక గానీ, ఈతాకు చాప గానీ, జిప్సం బోర్డు గానీ కట్టవచ్చు. పొయ్యి ఉన్న చోట మాత్రం చాప, థర్మాకోల్, ఫోమ్ ఏవీ వద్దు. అంటుకుంటే క్షణాల్లో గదంతా పొగ నిండుతుంది.

పాత సిమెంటు రేకుల్లో ఆస్‌బెస్టాస్ ఉంటుంది. వాటిని కోయడం, రంధ్రాలు వేయడం, పొడిగా గీకడం చేస్తే వచ్చే దుమ్ము ఊపిరితిత్తులను పాడుచేస్తుంది. తడిపి మెల్లగా కడిగి రంగు వేయండి. అలాంటి రేకు మీద కాలుపెట్టి నడవకండి, విరిగి కిందపడినవాళ్లు ఎందరో ఉన్నారు. మెట్లపలకను దూలాల మీద ఆనించి పని చేయాలి.

తాతల నాటి మట్టి మిద్దె ఉంది. కూల్చి స్లాబ్ వేయమంటున్నారు. వేయాలా?

దూలాలు, వాసాలు గట్టిగా ఉంటే తొందరపడకండి. పాలమూరు పల్లెల్లో చౌడు మట్టి పరిచిన మిద్దె, అడుగున్నరో రెండడుగులో మందమున్న మట్టిగోడ ఎండకు ఎంత నెమ్మదిగా వేడెక్కుతాయో ఆ ఇంట్లో మధ్యాహ్నం కునుకు తీసినవారికి తెలుసు. అలాంటి ఇల్లు కూల్చి నాలుగంగుళాల గోడ, స్లాబ్ కట్టుకున్నవాళ్లు మొదటి ఎండాకాలంలోనే కూలర్ కొనుక్కుంటున్నారు. దేశమంతా తిరిగి ఆనకట్టలూ భవనాలూ కట్టిన పాలమూరు కూలీల చేతిలోని ఈ విద్య సొంత ఊళ్లలో కనుమరుగవడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది.

చెదలు పట్టిన దూలం, వంగిన కప్పు, వానకు పెళ్లలు రాలే గోడ ఉంటే మాత్రం ప్రాణం ముఖ్యం, ఇంజినీరుకు చూపించండి. బాగున్న మిద్దెకు ఏటా తొలకరికి ముందు చౌడు పరిచి, నీళ్లు పోయే తూములు శుభ్రం చేసి, గవాక్షానికి వానకు మూత పెట్టుకుంటే చాలు.

తాండూరు, షాబాద్ బండల కప్పుకు ఏం చేయాలి?

కొడంగల్, కోస్గి వైపు ఈ కప్పులు ఎక్కువ. బండ వేడిని తేలిగ్గా దాటనిస్తుంది, బండల మధ్య అతుకుల్లోంచి గాలీ నీళ్లూ దిగుతాయి. అతుకులు గీకి గచ్చుతో నింపి, పైన సున్నం పూతలు వేయండి.

మిర్యాలగూడ మిల్లుల ఊక, పొలంలోని వరిగడ్డి ఉచితంగా దొరుకుతాయి. వాటినే కప్పు మీద పరిస్తే?

రెండూ వేడిని బాగానే ఆపుతాయి. కోళ్ల షెడ్ల రేకుల మీద గడ్డి పరిచి నీళ్లు చల్లేది అందుకే. కానీ మనుషులుండే ఇంటికి నేను వద్దనే చెబుతాను. ఎండిన గడ్డికి ఒక్క నిప్పురవ్వ చాలు. ఊక తడిస్తే పురుగు పడుతుంది, ఎలుకలు చేరతాయి, తడిసిన ఊక వేడిని ఆపదు కూడా.

గోడలకు, కిటికీలకు ఏం చేయాలి?

పడమటి గోడ ముందు వేప, కానుగ లాంటి చెట్టు ఉంటే అంతకన్నా మంచి రక్షణ లేదు. చోటు లేకపోతే గోడకు జానెడు దూరంలో జాలీ కట్టి తీగ పాకించవచ్చు. లేత రంగు వేయవచ్చు. కిటికీకి నీడ ఎప్పుడూ అద్దానికి బయటి వైపు ఉండాలి. లోపలి పరదా వెలుగును ఆపుతుంది కానీ, అద్దం దాటి వచ్చిన వేడి అప్పటికే గదిలో ఉంటుంది. సజ్జ నడినెత్తి ఎండను ఆపగలదు గానీ సాయంత్రం నాలుగింటి ఏటవాలు ఎండను ఆపలేదు. పడమటి కిటికీకి వెదురు తడికో, పైకి చుట్టే చాపో, షేడ్‌నెట్టో కట్టాలి.

ఏసీ గదిలో గాలి ఎక్కడెక్కడ కారుతుందో ఎలా తెలుస్తుంది?

తలుపులు, కిటికీలు మూసి, ఫ్యాను ఆపండి. పక్కనే ఉన్న స్నానాల గదిలో ఎగ్జాస్ట్ ఫ్యాను ఉంటే దాన్ని వేసి, స్నానాల గది తలుపు తెరిచి ఉంచండి. ఇప్పుడు అగరుబత్తి వెలిగించి ద్వారబంధాల అంచులు, కిటికీ రెక్కల కలయిక, ఏసీ పైపు గోడ దాటే రంధ్రం, స్విచ్ బోర్డులు, వెంటిలేటర్ల దగ్గర మెల్లగా తిప్పండి. పొగ వంకరపోయిన చోట సుద్దతో గుర్తు పెట్టండి. పరదాలకు దూరంగా పట్టుకోవాలి. తలుపు బిగుతు చూడాలంటే కాగితం ముక్కను మధ్యలో పెట్టి మూసి లాగండి. తేలిగ్గా జారి వస్తే అక్కడ సందున్నట్టే.

అన్నిటికన్నా పెద్ద సందు సాధారణంగా తలుపు కింద ఉంటుంది. కిందికి బిగించే రబ్బరు లేదా బ్రష్ పట్టీ ఏ హార్డ్‌వేర్ దుకాణంలోనైనా దొరుకుతుంది. ద్వారబంధం చుట్టూ అంటించే ఫోమ్ టేపు కన్నా రబ్బరు పట్టీ ఎక్కువ కాలం మన్నుతుంది. జరిపే అల్యూమినియం కిటికీల గాడిలో నూలు కుచ్చు లాంటి పట్టీ ఉంటుంది, కొన్నేళ్లకు అరిగిపోతుంది. అదొక్కటి మార్పిస్తే చాలు, కిటికీ మార్చనక్కర్లేదు. గోడకూ చట్రానికీ మధ్య సన్నటి పగుళ్లకు సిలికాన్, ఏసీ పైపు చుట్టూ వేలు పట్టే రంధ్రానికి పీయూ (పాలీయూరిథేన్) ఫోమ్ వాడాలి. ఆ ఫోమ్ డబ్బాలోంచి వచ్చాక ఉబ్బుతుంది, సగమే నింపి ఆగండి.

ఏసీ లేని ఇంట్లో వెంటిలేటర్లు మూయాలా?

మూయకండి. వేడెక్కిన గాలి పైకి చేరి వాటిలోంచే పోతుంది. ఏసీ లేని ఇంట్లో వేళను బట్టి తెరవడం, మూయడమే అసలు పని. ఉదయం ఎనిమిది, తొమ్మిది గంటలకు బయటి గాలి లోపలి గాలి కన్నా వేడెక్కగానే కిటికీలు మూసి పరదాలు దించండి. చీకటి పడి బయట చల్లబడ్డాక ఎదురెదురు కిటికీలు తెరవండి. రాత్రంతా తిరిగిన గాలి గోడల్లోని వేడిని లాక్కుపోతుంది. దోమతెర, గట్టి గ్రిల్ లేక రాత్రి కిటికీ తెరవలేకపోతున్న ఇళ్లలో ముందు ఆ రెండింటికి ఖర్చు పెట్టమంటాను.

కూలర్ ఉన్న గదినీ బిగించాలా?

వద్దు, ఇది పూర్తిగా వేరు. కూలర్ బయటి పొడిగాలిని తడిపి లోపలికి తోస్తుంది. ఆ గాలి మరోవైపు నుంచి బయటికి పోతేనే చల్లదనం. అన్నీ మూస్తే అరగంటలో గది ఉక్కపోతగా మారుతుంది. కూలర్‌కు ఎదురుగా ఉన్న కిటికీ కొంచెం తెరిచి ఉంచండి. వానలు పడి గాలిలో తేమ పెరిగాక కూలర్ పెద్దగా పనిచేయదు, లోపం యంత్రానిది కాదు.

ఏ సందులను మూయకూడదు?

ఈ జవాబును దయచేసి ఇంట్లో అందరికీ చదివి వినిపించండి. వంటగదిలో గ్యాస్ సిలిండర్ ఉన్న చోట నేలకు దగ్గరగా గాలి పోయే దారి ఉండాలి. వంటగ్యాస్ గాలి కన్నా బరువైనది, లీకైతే కిందే పేరుకుంటుంది. స్నానాల గదిలో గ్యాస్ గీజర్ ఉంటే కిటికీ గానీ వెంటిలేటర్ గానీ ఎన్నడూ మూయకూడదు. అసలు ఆ గీజర్ బయట బిగించడమే క్షేమం. రంగు, వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ నిమిషాల్లో ప్రాణం తీస్తుంది. మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టకూడదు. ఇన్వర్టర్ బ్యాటరీలు ఛార్జింగ్‌లో హైడ్రోజన్ వదులుతాయి, వాటిని బిగించిన పడకగదిలో ఉంచవద్దు. ఏసీ గదిలోనూ నలుగురు పడుకుంటే మధ్యమధ్య కాసేపు తలుపు తీసి కొత్త గాలి రానివ్వండి.

మగ్గం షెడ్‌లో వేడి తగ్గించాలి, కానీ గాలి పొడిబారితే దారం తెగుతుంది. ఎలా?

పోచంపల్లి, గద్వాల, నారాయణపేట నేతన్నలకు ఈ రెండూ ఒకేసారి కావాలి. వడగాలి తగిలితే నూలు పెళుసుబారి పడుగు (మగ్గం మీది నిలువు దారం) తెగుతుంది. కాబట్టి పడమటి సందులను గట్టిగా మూయండి. రేకుల మీద తెలుపు, లోపల తడిక కట్టండి. నేల తడిపి ఉంచడం, వడగాలి వైపు కిటికీకి వట్టివేళ్ల తడిక కట్టి నీళ్లు చల్లడం రెండింటికీ మేలు చేస్తాయి. గుంట మగ్గం నేలలోకి దిగి ఉండడం వల్ల ఆ చల్లదనం, తేమ సహజంగా అందుతాయి. షెడ్ కొత్తగా కట్టేవారు గుంటను సిమెంటుతో పూర్తిగా పూయకుండా ఉంటే మంచిది.

ఇదంతా చేస్తే కరెంటు బిల్లులో ఏం తేడా వస్తుంది?

తెలంగాణ ప్రభుత్వ గృహజ్యోతి పథకం కింద అర్హులైన కుటుంబాలకు 2024 మార్చి నుంచి నెలకు 200 యూనిట్ల వరకు సున్నా బిల్లు వస్తోంది. ఆ గీత దాటిన నెలలో మొత్తం బిల్లు కట్టాలి. ఒకటిన్నర టన్నుల ఏసీ గంటకు సుమారు ఒక యూనిట్ తాగుతుందనుకుంటే, రోజుకు ఎనిమిది గంటలకు నెల తిరిగేసరికి ఒక్క ఏసీకే 240 యూనిట్లు. కప్పు, సందులు సరిచేసిన గదిలో కంప్రెసర్ మధ్యమధ్య ఆగుతుంది, త్వరగా ఆపేసినా చల్లదనం నిలుస్తుంది. అప్పుడు 20లో కాకుండా 26లో పెట్టుకోగలుగుతారు. ఉష్ణోగ్రత ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు ఆదా అవుతుందని ఇంధన సామర్థ్య సంస్థ చెబుతోంది. చాలా కుటుంబాలకు గీతకు ఇటువైపు ఉండడానికి అంత మాత్రం చాలు.

ఇందిరమ్మ ఇల్లు మొదలుపెడుతున్నాం. కట్టేటప్పుడే ఏం చూసుకోవాలి?

ప్రభుత్వం ఇచ్చే ఐదు లక్షల సాయంలో ప్రతి రూపాయీ లెక్కే, కాబట్టి అదనపు ఖర్చు లేనివే చెబుతాను. పడకగదిని పడమటి మూలన పెట్టకండి, అక్కడ స్నానాల గదో మెట్లో రానివ్వండి. కిటికీలు ఎదురెదురుగా పెట్టించండి. చట్రం బిగించేటప్పుడే గోడకూ చట్రానికీ మధ్య పూర్తిగా పూడ్పించండి. భవిష్యత్తులో ఏసీ పెట్టాలనుకుంటే పైపు రంధ్రం ఇప్పుడే సరైన కొలతతో వదలండి. ఇటుక ఎంచుకునే వీలుంటే తేలికైన ఏఏసీ (గాలి బుడగలున్న కాంక్రీటు) దిమ్మెలు ఎర్ర ఇటుక కన్నా వేడిని బాగా ఆపుతాయి, కానీ వాటికి తగిన జిగురు, పని తెలిసిన మేస్త్రీ దొరకాలి.

డాబా మీద తోట గానీ సోలార్ పలకలు గానీ పెడితే చల్లబడుతుందా?

రెండూ నీడనిస్తాయి. తోటకు ముందు బరువు లెక్క చూడండి. మనుషులు తిరిగే డాబాను చదరపు మీటరుకు సుమారు 150 కిలోల అదనపు బరువుకు డిజైన్ చేస్తారు. నాలుగంగుళాల తడి మట్టి పరిస్తేనే అది దాటిపోతుంది. కుండీలను దూలాల మీదుగా, పిట్టగోడ వెంట పెట్టుకోండి. సోలార్ పలకల కింద గాలి ఆడేలా ఎత్తు ఉంచాలి. పీఎం సూర్యఘర్ పథకంలో 2 కిలోవాట్ల వరకు కిలోవాట్‌కు 30,000 రూపాయలు, 3 కిలోవాట్లు, ఆపైన మొత్తం 78,000 రూపాయల సబ్సిడీ ఉంది.

అద్దె ఇల్లు. యజమాని ఖర్చు పెట్టనంటున్నారు.

డాబా సున్నానికి అనుమతి ఒక్కటే అడిగి చూడండి, చాలామంది కాదనరు. తలుపు కింద పట్టీ, కిటికీ బయట చాప, డాబా మీద కర్రలకు కట్టిన షేడ్‌నెట్ మీరు ఇల్లు మారినప్పుడు వెంట తీసుకెళ్లవచ్చు. తడి గోనెసంచులు కూడా బాగా చల్లబరుస్తాయి. లీటరు నీరు ఆవిరవడానికి దాదాపు మూడింట రెండొంతుల యూనిట్ అంత వేడిని లాక్కుంటుంది. కానీ బోర్లు ఎండే ఊళ్లో ఆ నీళ్లు ఎక్కడివి అన్నది ఆలోచించాలి, పగుళ్లున్న స్లాబ్‌ను రోజూ తడిపితే లోపలి ఇనుము తుప్పు పడుతుంది.

పని ఫలించిందో లేదో ఎలా కొలవాలి?

చిన్న థర్మామీటరు కొని గది మధ్యలో, ఫ్యాను గాలి నేరుగా తగలని చోట పెట్టండి. పనికి వారం ముందు నుంచీ మధ్యాహ్నం మూడింటికి, రాత్రి తొమ్మిదింటికి లోపలి అంకె, ఆ రోజు బయటి ఉష్ణోగ్రత రెండూ రాయండి. పని తర్వాత మరో వారం రాయండి. లోపలి అంకెను మాత్రమే చూడకండి, బయటికీ లోపలికీ తేడా ఎంత పెరిగిందో చూడండి. రాత్రి తొమ్మిదింటి అంకె కప్పు గురించి ఎక్కువ చెబుతుంది. కరెంటు మీటరును కూడా రోజూ ఒకే వేళకు రాసుకోండి. ఈ మే నెల యూనిట్లను నిరుటి మే నెలతోనే పోల్చాలి, జూన్‌తో కాదు. మృగశిర వానలు పడ్డాక ఏ ఇంట్లోనైనా యూనిట్లు తగ్గుతాయి.